కట్టుడు పండ్లు కదలకుండా

మా కేంద్రంలో సాయంత్రం చదువుకు వచ్చే వాళ్ళలో ఒక పెద్దమ్మ ఉంది. అక్షరాలు అందరి కన్నా ముందు నేర్చుకుంది. రాయమంటే చక్కగా రాస్తుంది. గట్టిగా చదవమంటే మాత్రం చదవదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంటుంది.

ఒకరోజు అందరూ పోయినాక అడిగాను.

"పెద్దమ్మా, ఎందుకు చదువుతలేవు?"

"పండ్లు లేవు బిడ్డా. గాలి పోతది. ఒకటి అంటే ఇంకొకటి వస్తది. చిన్న కోడండ్లు నవ్వుతరు."

"కట్టుడు పండ్లు పెట్టించుకోలేదా?"

"పెట్టించుకున్న. డబ్బాల పెట్టి గూట్ల పెట్టిన."

పై వరుస బాగానే నిలుస్తుందట. కింది వరుసే నిలవదు. మాట్లాడితే లేస్తుంది. నములుతుంటే జారుతుంది. ఒకసారి చుట్టాల పెండ్లిలో బంతిలో కూర్చొని తింటుంటే ఊడి విస్తరిలో పడింది. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. ఆ రోజు నుంచి ఆమె ఏ పెండ్లికీ పోలేదు. సొంత చెల్లె మనుమరాలి పెండ్లికి కూడా పోలేదు. ఇంట్లో గటక, చారు బువ్వ. జొన్నరొట్టె అయితే చారులో నానబెట్టుకొని మింగుతుంది. రెండేండ్లలో మనిషి సగమైంది.

పెద్దమ్మకు అరవై ఏండ్లు కూడా నిండలేదు. మరి పండ్లు ఎందుకు పోయాయి?

మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఈ మాట అడిగితే అందరూ ఒకటే చెబుతారు. "ఫ్లోరైడు నీళ్ళు." అందులో కొంత నిజం ఉంది. అంతా నిజం కాదు.

ఫ్లోరైడు అనేది రాళ్ళలో ఉండే ఒక లవణం. మన నేల కింద ఉన్న గట్టి రాయి నుంచి అది బావి నీళ్ళలోకి, బోరు నీళ్ళలోకి దిగుతుంది. ఒక లీటరు నీళ్ళలో 1.5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ ఉంటే ఆ నీళ్ళు తాగకూడదు. మన దగ్గర చాలా ఊళ్ళలో అంతకన్నా ఎంతో ఎక్కువ ఉండేది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది నెల్లూరు జిల్లాలో. అది 1937 సంవత్సరం. నల్లగొండ జిల్లా సంగతి 1955లో డాక్టర్ సిద్దిఖీ రాశారు. దాన్ని ఇంగ్లండు దేశపు వైద్య పత్రికలో అచ్చు వేశారు. తర్వాత పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడును తీసే పద్ధతి ఒకటి కనిపెట్టారు. దానికి మన జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతి అంటారు. జబ్బు వల్ల ఊరి పేరు దేశమంతా తెలియడం గొప్ప సంగతేమీ కాదనుకోండి.

2016 తర్వాత మిషన్ భగీరథ నల్లాల్లో నది నీళ్ళు వస్తున్నాయి. కానీ పెద్దమ్మ చిన్ననాడు తాగింది బావి నీళ్ళు. చిన్నపిల్లలకు చిగుళ్ళ లోపల పక్కా పండ్లు తయారవుతుంటాయి. ఆ వయసులో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చే పండ్లకు గార పడుతుంది. పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. గుంటలు పడతాయి. జబ్బు గట్టిగా ఉంటే పైపొర పెచ్చులు లేస్తుంది. పెద్దయినాక ఆ నీళ్ళు తాగితే ఉన్న పండ్లకు గార రాదు. ఎముకలకు మాత్రం నష్టం వస్తుంది.

గార పడిన పన్ను చూడడానికి బాగుండదు. కానీ గార వల్లనే పన్ను ఊడి పడదు. పండ్లు ఊడేది ఎక్కువగా రెండు కారణాల వల్ల. ఒకటి పుచ్చు. రెండోది చిగుళ్ళ జబ్బు. పెద్దమ్మ గార కనబడకుండా చిన్నప్పటి నుంచి ఇటుక పొడితో, బొగ్గుతో గట్టిగా తోమింది. గార పోలేదు. పన్ను అరిగింది. తర్వాత నొప్పికి తంబాకు పెట్టింది. చిగుళ్ళు వాచాయి. ఒక్కొక్కటే కదిలి పోయాయి. ఇది ఆమె తప్పు అని నేను అనను. అప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

ఇక కింది వరుస ఎందుకు నిలవదో చూద్దాం.

మీ నాలుకను పైకి తాకించండి. అక్కడ వెడల్పయిన అంగిలి ఉంది. పై కట్టుడు పండ్లు ఆ అంగిలి నిండా కప్పి ఉంటాయి. మధ్యలో ఉమ్మి తడి ఉంటుంది. తడిసిన పళ్ళెం బండ మీద బోర్లిస్తే ఎట్లా అంటుకుంటుంది? అట్లా అంటుకుంటాయి.

కింద అంగిలి లేదు. గుర్రపు నాడా ఆకారంలో సన్నని గట్టు మాత్రం ఉంటుంది. మధ్యలో నాలుక. అది ఊరుకోదు. పక్కన చెంపలు, ముందు పెదవి. మాట్లాడితే ఇవన్నీ కదులుతాయి. కదిలినప్పుడల్లా కింది వరుసను ఎత్తేస్తాయి.

పైగా ఆ గట్టు ఏటేటా తగ్గుతుంది. పన్ను వేరు ఉన్నంత కాలం దాని చుట్టూ ఎముక ఉంటుంది. పన్ను తీసేస్తే ఆ ఎముకకు పని లేదు. అది అరిగిపోతుంది. మొదటి ఏడాది ఎక్కువ అరుగుతుంది. తర్వాత మెల్లగా అరుగుతూనే ఉంటుంది. పై దవడ కన్నా కింది దవడ ఎక్కువ అరుగుతుంది. చెరువు కట్ట వానకు కోసుకుపోయినట్టు అనుకోండి. అందుకే మూడేండ్ల కింద సరిపోయిన వరుస ఇప్పుడు వదులవుతుంది. వరుస మారలేదు. దవడ మారింది.

వదులైతే వెంటనే కొత్త ఖర్చు అక్కర లేదు. పాత వరుస లోపలి దిక్కు కొత్త పొర వేసి బిగువు చేస్తారు. ముందు అది అడగాలి. గట్టు కొంత మిగిలి ఉంటే దానితోనే సరిపోతుంది. పెద్దమ్మకు గట్టు దాదాపు లేదు. పొర వేసినా నెల రోజులు నిలిచింది, మళ్ళీ లేచింది.

అట్లాంటి వాళ్ళకు ఒక ఉపాయం ఉంది. దవడ ఎముకలో చిన్న స్క్రూలు బిగిస్తారు. వాటిని ఇంప్లాంట్లు అంటారు. చిన్నవాటిని మినీ ఇంప్లాంట్లు అంటారు. వాటి మీద కట్టుడు పండ్లను తగిలిస్తారు.

బర్రెను కట్టాలంటే ఏం చేస్తాం? నేలలో గుంజ పాతుతాం. గుంజ గట్టిగా ఉంటే బర్రె పోదు. ఇక్కడ నేల మన దవడ ఎముక. గుంజ ఆ స్క్రూ.

ఇనుము అయితే తుప్పు పడుతుంది. అందుకే టైటానియం అనే లోహం వాడతారు. దాని గుణం ఒకటి ఉంది. ఎముక దాన్ని పరాయిదని తోసేయదు. దగ్గరికి పెరిగి పట్టుకుంటుంది. ఈ సంగతి స్వీడన్ దేశపు డాక్టరు బ్రోనెమార్క్‌కు అనుకోకుండా తెలిసింది. ఆయన పండ్ల డాక్టరు కాదు. 1952లో ఎముక ఎట్లా మానుతుందో చూడడానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం పెట్టాడు. పని అయినాక తీయబోతే అది రాలేదు. ఎముక పట్టేసింది. వేరే వాళ్ళయితే గొట్టం పాడైందని తిట్టుకునేవాళ్ళు. ఆయన ఆలోచించాడు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో ఇట్లాంటి స్క్రూలు పెట్టాడు. 2002లో కెనడా దేశంలో కూడిన డాక్టర్లు ఒక మాట చెప్పారు. కింద ఒక్క పన్ను కూడా లేనివారికి కనీసం రెండు ఇంప్లాంట్ల మీద నిలిచే వరుస పెట్టడం మంచిదని.

మామూలు ఇంప్లాంటు కొంచెం లావుగా ఉంటుంది. దానికి వెడల్పయిన ఎముక కావాలి. ఎముక అరిగి సన్నబడితే పట్టదు. మినీ ఇంప్లాంటు మూడు మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటుంది. సన్నబడిన ఎముకలో కూడా పడుతుంది. దాని తల చిగురు పైన ఆవగింజ లాగా గుండ్రంగా కనబడుతుంది. కింది దవడలో సాధారణంగా నాలుగు పెడతారు. నాలుగూ ముందు భాగంలోనే. అక్కడ ఎముక గట్టిగా ఉంటుంది. వెనక భాగంలో పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది. దానికి తగలకూడదు.

కట్టుడు వరుస లోపల నాలుగు చిన్న గుంటలు చేస్తారు. ఒక్కొక్క గుంటలో రబ్బరు రింగు ఉంటుంది. రవికెకు టిచ్ బటన్ ఉంటుంది కదా. ఒత్తితే టక్కున పడుతుంది. లాగితే వస్తుంది. ఇదీ అంతే. వరుస నోట్లో పెట్టి రెండు వేళ్ళతో ఒత్తితే రింగులు ఆ గుండ్లను పట్టుకుంటాయి. నాలుక ఎంత కదిలినా లేవదు. రాత్రి మనమే తీసుకోవచ్చు.

పై దవడ ఎముక మెత్తన. అక్కడ ఇట్లా చేయాలంటే ఆరు దాకా కావాలి. పైది మామూలుగానే నిలుస్తుంటే దాని జోలికి పోనక్కర లేదు.

పెద్దమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె కొడుకుకు కూడా చెప్పాను. "ఈ వయసుల పండ్లెందుకు మేడం? అన్ని పైసలు ఏడికెల్లి తేవాలె?" అన్నాడు. పైసల మాట నిజమే. మామూలు వరుస కన్నా ఇది చాలా ఎక్కువ ఖర్చు. కానీ వయసు మాట నాకు నచ్చలేదు. అరవై ఏండ్లకు కళ్ళద్దాలు పెట్టుకుంటే ఎందుకని ఎవరూ అడగరు. పండ్లు కూడా చూపు లాంటివే. నమలకపోతే పల్లీలు లేవు, పచ్చికూర లేదు, మాంసం లేదు. మెత్తటి బువ్వే గతి. ఒంట్లో బలం ఎక్కడి నుంచి వస్తుంది? అదే మాట అతనితో అన్నాను. అతను ఏమీ అనలేదు. పత్తి అమ్మినాక చూద్దాం అన్నాడు. పత్తి అమ్మినాక నిజంగానే వచ్చాడు.

దంత వైద్య కళాశాలలో ఖర్చు తక్కువ అవుతుంది. అక్కడ చదువుకునే డాక్టర్లు చేస్తారు. పెద్ద డాక్టర్లు పక్కన ఉండి చూస్తారు. ఎక్కువసార్లు తిరగాలి. నార్కట్‌పల్లి దగ్గర కామినేని వాళ్ళ దంత వైద్య కళాశాల ఉంది. మహబూబ్‌నగర్‌లో ఎస్.వి.ఎస్. దంత వైద్య కళాశాల ఉంది. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర ప్రభుత్వ దంత వైద్య కళాశాల, దవాఖాన ఉన్నాయి. పోయిన రోజే మూడు సంగతులు అడగండి. అన్నీ కలిపి ఎంత అవుతుంది? ఎన్నిసార్లు రావాలి? తర్వాత రింగులు మార్చడానికి ఎంత? కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇప్పుడు మీరు చదవగలరు.

సంతలో, బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చొని పండ్లు కట్టేవాళ్ళ దగ్గరికి పోకండి. వాళ్ళు పొడి, మందు కలిపి పక్క పన్నుకు అతికిస్తారు. అది తీయరాదు, కడగరాదు. లోపల కూడు ఇరికి చిగురు కుళ్ళుతుంది. మంచి పండ్లు కూడా పోతాయి.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు మీరు వాడే మందులన్నీ సంచిలో వేసుకొని పోండి. షుగరు ఉంటే చెప్పాలి. షుగరు అదుపులో లేకపోతే పుండు మానదు, స్క్రూ నిలవదు. గుండెకు రక్తం పలుచబడే మందు వాడుతుంటే చెప్పాలి. ఎముకలు గుల్లబారాయని మందు గానీ సూది గానీ తీసుకుంటే అది తప్పక చెప్పాలి. తంబాకు, బీడీ, గుట్కా దాచకండి. డాక్టరు తిడతాడని పెద్దమ్మ దాయబోయింది. నేనే చెప్పాను. తంబాకు మానకపోతే స్క్రూ చుట్టూ ఎముక కరిగి ఊడుతుందని డాక్టరమ్మ అన్నది. పెద్దమ్మ పదిహేను రోజులు తిప్పలు పడి మానింది. మళ్ళీ ఒకటి రెండుసార్లు పెట్టుకుంది. మళ్ళీ మానింది.

ఫ్లోరైడు వల్ల మెడ, నడుము బిగుసుకుపోయినవాళ్ళు మన దిక్కు ఉన్నారు. వాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. పండ్ల డాక్టరు కుర్చీ వెనక్కి వాలుతుంది. మెడ వంగని మనిషిని బలవంతంగా వాల్చకూడదు. మెడ కింద దిండు పెట్టి, నెమ్మదిగా చేస్తారు.

మొదట ఎక్స్‌రే తీస్తారు. ఎముక ఎంత ఉంది, నరం ఎక్కడ ఉంది చూస్తారు. రక్త పరీక్ష చేస్తారు. స్క్రూలు పెట్టే రోజు చిగురుకు మత్తు సూది వేస్తారు. ఆ సూది మాత్రం చురుక్కుమంటుంది. తర్వాత నొప్పి తెలియదు. ఒత్తినట్టు, మరలు తిరిగినట్టు తెలుస్తుంది. సన్నని రంధ్రం చేసి స్క్రూ బిగిస్తారు. చాలామందికి చిగురు పెద్దగా కోయాల్సిన పని ఉండదు. పెద్దమ్మ ఆ రోజు బస్సులోనే ఇంటికి వచ్చింది. రెండు రోజులు వాపు ఉంది. గోలీలు మింగింది.

స్క్రూలు గట్టిగా పట్టితే అదే రోజు వరుస తగిలిస్తారు. అంత గట్టిగా లేకపోతే వరుస లోపల మెత్తని పొర వేసి కొన్ని నెలలు ఆగమంటారు. ఎముక పట్టుకోవాలి. ఆగమంటే ఆగాలి. తొందర పడితే గుంజ ఊగుతుంది.

అన్నీ నిలుస్తాయని చెప్పలేం. ఒక్కోసారి ఒక స్క్రూ వదులై ఊడుతుంది. అప్పుడు దాన్ని తీసి, మానినాక పక్కన ఇంకొకటి పెడతారు. నొప్పి, చీము, కదలిక ఉంటే వాయిదా రోజు దాకా ఆగకుండా పోవాలి. పెదవికి తిమ్మిరి వచ్చి పోకపోతే వెంటనే చెప్పాలి.

కొత్త వరుస పెట్టుకున్న మొదటి రోజుల్లో నోరు నిండా ఏదో ఉన్నట్టు ఉంటుంది. ఉమ్మి ఊరుతుంది. ఎక్కడో ఒక చోట ఒరుసుకుంటుంది. ఒరుసుకున్న చోట డాక్టరే అరగదీయాలి. ఇంట్లో ఆకురాయితో గీకకండి. విరిగితే గమ్ముతో అతికించకండి. పెద్దమ్మ పక్కింటాయన ఇంతకు ముందు అట్లనే చేసి మొత్తం వరుస చెడగొట్టుకున్నాడు.

తిండి మెత్తగా మొదలు పెట్టాలి. పప్పు బువ్వ, ఉడికిన కూర. చిన్న ముద్దలు. రెండు దిక్కులా నమలాలి. ఒకే దిక్కు నమిలితే వరుస ఒరుగుతుంది. ముందు పండ్లతో కొరకకూడదు. జామకాయ ముక్కలు కోసుకోవాలి. మక్కకంకి గింజలు ఒలుచుకొని తినాలి. జొన్నరొట్టె తుంచుకొని తినవచ్చు. ఇది సొంత పన్ను కాదు. బొక్క కొరికితే రింగు పోతుంది, ఒక్కోసారి స్క్రూ విరుగుతుంది.

మాట మొదట్లో తడబడుతుంది. స, శ, చ, జ, ఫ పలకడం కష్టం. దీనికి మందు లేదు. గట్టిగా చదవడమే మందు. రోజూ వాచకంలో ఒక పేజీ పైకి చదవండి. తలుపు వేసుకొని చదివినా సరే. పెద్దమ్మ మొదట బర్రెల కొట్టంలో చదివింది. బర్రె నవ్వదు కదా అన్నది.

వరుసను ఒత్తేటప్పుడు రెండు బొటన వేళ్ళతో సమంగా ఒత్తాలి. నోట్లో వదులుగా వేసుకొని పండ్లతో కొరికి బిగించకూడదు. తీసేటప్పుడు కూడా రెండు దిక్కులా పట్టుకొని ఒక్కసారి పైకి తీయాలి. ఒక దిక్కే లాగితే స్క్రూ మీద బరువు పడుతుంది.

రోజూ రాత్రి తీయాలి. చిగుళ్ళకు గాలి తగలాలి. కడిగేటప్పుడు కింద గిన్నెలో నీళ్ళు పెట్టుకోండి. చేయి జారినా నీళ్ళలో పడుతుంది, బండ మీద పడి పగలదు. మెత్తని బ్రష్షు, మామూలు సబ్బు చాలు. పండ్ల పొడి, బూడిద వద్దు. గీతలు పడతాయి. వేడినీళ్ళు అసలే వద్దు, వంకర పోతుంది. తర్వాత చల్లని నీళ్ళ గిన్నెలో వేసి మూత పెట్టాలి. మూత మరవకండి. పిల్లలు, కోడిపిల్లలు ఉన్న ఇల్లు.

నోట్లో ఉన్న ఆ నాలుగు గుండ్లను కూడా పొద్దున, రాత్రి మెత్తని బ్రష్షుతో తోమాలి. చాలామంది దీన్నే మరుస్తారు. వరుస తళతళ మెరుస్తుంది, గుండ్ల చుట్టూ పాచి ఉంటుంది. పాచి ఉంటే చిగురు వాస్తుంది. చిగురు వాస్తే ఎముక కరుగుతుంది. పండ్లు పోయింది ఎట్లనో స్క్రూ కూడా అట్లనే పోతుంది.

రబ్బరు రింగులు అరుగుతాయి. ఏడాదికి అటు ఇటుగా మార్చాలి. వరుస మళ్ళీ వదులైందంటే ముందు రింగులు చూపించుకోండి. స్క్రూ పోయిందని భయపడకండి. ఆరు నెలలకు ఒకసారి డాక్టరుకు చూపాలి. నోట్లో తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే పండ్లు ఉన్నా లేకున్నా దవాఖానకు పోవాలి. తంబాకు తిన్నవాళ్ళు అసలు ఆగకూడదు.

పెద్దమ్మకు స్క్రూలు పెట్టి ఏడాది కావస్తోంది. డాక్టరమ్మ ఒక కార్డు ఇచ్చింది. ఎప్పుడు పెట్టారు, ఎన్ని పెట్టారు, మళ్ళీ ఎప్పుడు రావాలి, అన్నీ దాని మీద రాసి ఉన్నాయి. ఆ కార్డు వాచకంలో పెట్టుకుంటుంది. మొన్న కేంద్రానికి రాగానే తీసి నా చేతికి ఇవ్వబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. కొంగు తీసి, తానే పైకి చదివింది.

"రింగులు మార్చుట. వచ్చే నెల 14. సోమవారం. పొద్దున 9 గంటలకు." చదివి, "ఆ రోజు నేను చదువుకు రాను బిడ్డా, హాజరు వెయ్యకు" అన్నది.